మొహం చుట్టూ తెల్ల చదరం

"ఇది నా మొహం కాదు," అన్నాడు అధ్యక్షుడు.

గాజుబల్ల మీద వేలెడేసి ఫోటోలు ఎనిమిది పరిచి ఉన్నాయి. ఎనిమిదింట్లోనూ ఒకడే మనిషి. ఎడమకన్ను కుడికన్ను కంటే కాస్త చిన్నది, పైపెదవి మీద నవ్వో వెటకారమో తేలని ఒక వంకర. బల్లకి ఇవతల నిలబడ్డ మనిషికీ అదే కన్ను, అదే వంకర. కోపంలో వంకర ఇంకొంచెం పెరిగింది కూడా.

"మీది కాదా సార్?" అన్నాడు ఫోటోగ్రాఫరు, మెత్తగుడ్డతో లెన్సు తుడుచుకుంటూ.

"ముప్పైయేళ్ళుగా గడ్డం గీసుకుంటున్నా. నా మొహం నాకు తెలీదా? ఇదెవరో దొంగమొహం."

"అయ్యో, పొరపాటైపోయింది. ఎవరిదో మీకు చూపించాను. వాళ్ళొచ్చి అడిగితే ఇచ్చేస్తాలెండి. మీరు వెళ్ళిరండి సార్."

మాట తప్పే మనిషి కాదు. ఆ సాయంత్రమే ఆ ఫోటోని రెండు జానల ఎత్తున పెద్దది చేసి, వీధివైపు అద్దాల అలమారలో నిలబెట్టి, కింద అట్టముక్క పెట్టాడు: "ఈ మొహం ఎవరిదో తెలిసినవారు చెప్పగలరు."

ఇదంతా పెద్దమ్మ కళ్ళారా చూసింది. ఆ స్టూడియోకీ ఆమె కుట్టుపని కొట్టుకీ మధ్య గోడ లేదు, ప్లైవుడ్ చెక్క మాత్రమే ఉంది. చెక్కకి ఆమె కంటి ఎత్తున ఒక మేకు ఊడిన కంత ఉంది. ఆ మేకు దానంతట అదే ఊడిందని ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

మూడోరోజుకి అధ్యక్షుడు మళ్ళీ వచ్చాడు. మందుల దుకాణంవాడు చెప్పాడట, బస్సు కండక్టరు చెప్పాడట, ఆఖరికి సొంత అల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, మీరు తప్పిపోయారా?" అని అడిగాడట.

"ఆ ఫోటో తీసెయ్యి."

"ఎవరిదో ఫోటో సార్. వాళ్ళు రాకుండా ఎలా తీస్తాను?"

"...నాదే."

"వినబడలేదు సార్. పెద్దమ్మ మిషను చప్పుడు."

పెద్దమ్మ చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపేసింది. వీధి వీధంతా నిశ్శబ్దమైపోయినట్టు అనిపించింది.

"నాదే అన్నానయ్యా!"

ఆ రోజు పెద్దమ్మ చెక్కకి అటువైపు నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నవ్వు అయ్యాక గుర్తొచ్చింది. ఈ భవనం ఒక సంఘానిది. ఆ సంఘానికి అధ్యక్షుడు ఈయన. మూడేళ్ళకోసారి గది కాగితం మీద సంతకం పెట్టేదీ ఈయనే. గది ఒకటే, కాగితం ఒకటే, అది ఫోటోగ్రాఫరు పేరు మీదే ఉంది. వాడి సగం పోతే ఆమె సగమూ పోతుంది. అంటే, వాడు గెలిచిన పోట్లాటలో ఆమెకీ వాటా ఉందన్నమాట.

ఫోటోగ్రాఫరుకి ఆ గది తండ్రి నుంచి వచ్చింది. గదితోపాటు తిరిగే స్టూలు ఒకటి, జలపాతం గీసిన తెర ఒకటి, ఒక మాటా వచ్చాయి. ఆ మాట "కదలకండి." తండ్రి రోజుకి నలభైసార్లు అనేవాడు, కొడుకూ అన్నాడు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఒకమ్మాయి గుర్తింపు కార్డు కోసం ఫోటోకి వస్తే, కదలకండి అని నాలుగుసార్లు తీశాడు, నాలుగుసార్లూ పాడైందని మళ్ళీ రమ్మన్నాడు. అయిదోసారి ఆ అమ్మాయి, "ఇంక నేను కదలను, మీరే మా ఇంటికి కదిలి రండి," అంది. ఇప్పుడామె వాడి భార్య. ఆ నాలుగు ఫోటోలూ నిక్షేపంలా ఉన్నాయి, ఇంట్లో గోడమీద వరసగా.

ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి. ఎవరి మొహం వాళ్ళే తీసుకుని, ఎవరికి నచ్చినట్టు వాళ్ళే తెల్లగా చేసుకోవడం మొదలైంది. స్టూలు మీద కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. "వీడియో తియ్యరా," అంది పెద్దమ్మ. "వీడియో అయితే చెయ్యి చాచి ఎవరూ సొంతంగా గంటసేపు తీసుకోలేరు. చెయ్యి పీక్కుపోతుంది."

ఆ మాట వాడికి నచ్చింది. వాడి స్టిల్ కెమెరాకి వీడియో తీయడమూ వచ్చు. అయితే అది దానికి రెండో ఉద్యోగం లాంటిది, అంత మనసు పెట్టి చెయ్యదు. ముప్పై నిమిషాలకి ఒక్క సెకను తక్కువలో, ఎవరు ఏ మాట మధ్యలో ఉన్నా సరే, టక్కున ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ మొదలవుతుంది. నొక్కడం గుర్తుంటేనే.

మొదటి వీడియో రిటైరైనవాళ్ళ నడకపందెం. ఈలవాడు ఈల వేశాడు. మనవాడు మీట నొక్కి, నలభైయేళ్ళ ఇంటి అలవాటు కదా, గట్టిగా "కదలకండి!" అన్నాడు. పద్దెనిమిదిమంది ముసలివాళ్ళు ఒంటికాలి మీద ఆగిపోయారు. ఆ వీడియోలో మొదటి నిమిషమంతా ఫోటోయే.

రెండోది సంఘం వార్షికసభ. అధ్యక్షుడు సంఘం చరిత్ర చెప్పి, భవనం చరిత్ర చెప్పి, "ఇక నా విషయానికి వస్తే" అన్న చోట కెమెరా ఆగిపోయింది. మనవాడు ఆ సమయంలో కిటికీ తెర సర్దుతున్నాడు. వెనక్కి వచ్చి నొక్కేసరికి ఆయన విషయం అయిపోయింది, చప్పట్లు పడ్డాయి. అప్పటినుంచి వాడి పేరు అరగంట. ఆ పేరు పెట్టింది పెద్దమ్మే. ఊరంతా పిలవడం మొదలుపెట్టాక ఆమె మానేసి "నాయనా" అనసాగింది, పేరు పాడుచేసింది ఊరే అన్నట్టు.

అధ్యక్షుడు మాత్రం అది కెమెరా తప్పంటే నమ్మలేదు. "ఫోటో పగ పెట్టుకుని నా సగం ఉపన్యాసం మింగేశాడు," అని సంఘంలో చెప్పాడు. ఈ యేడు కాగితం మీద సంతకం పెట్టే యేడు. ఫోన్లకి తొడుగులు అమ్మే కుర్రాడొకడు రెండుసార్లు వచ్చి గది కొలుచుకున్నాడు. అది నాసిరకం టేపు, లాగితే సాగుతుంది. పెద్దమ్మ చూసింది కాని, సరిచెయ్యలేదు. తప్పు కొలతతో అలమార చేయించుకుని ఏడవనీ అనుకుంది.

"ఈసారి సభ నువ్వే తియ్యి," అని కబురు పంపాడు అధ్యక్షుడు. "మొత్తం. ఒక్క ముక్క పోయినా గది ఖాళీ చేసెయ్యి."

వారం తిరక్కుండా మన అరగంట ఒక పెట్టె తెచ్చాడు. చూడ్డానికి చిన్న టీవీ. కెమెరా నెత్తిమీద బిగిస్తారు. కెమెరా చూసేదంతా ఒక తీగలోంచి పెట్టెలోకి వస్తుంది. అది పెద్దగా చూపిస్తుంది, చూపించిందంతా తనలో దాచుకుంటుంది కూడా.

"కెమెరా తనే రాసుకుంటే అరగంటకి ఆగుతుంది పెద్దమ్మా. ఉత్తినే చూస్తూ ఉంటే ఆగదు. రాసుకునే పని ఈ రికార్డరుది. మూడు గంటలైనా రాస్తుంది."

"అంటే చూసేది ఒకరు, గుర్తుపెట్టుకునేది ఇంకొకరు."

"అంతే."

"ఇందులో కొత్తేముందిరా? మా ఆయనా నేనూ అలాగే కాపురం చేశాం."

ఏడంగుళాల తెర అని వాడు అంటే, ఆమె మెడలో వేలాడే టేపు తీసి కొలిచింది. పొడుగు ఆరు, ఎత్తు మూడున్నర.

"నిన్ను మోసం చేశారు."

"మూలనుంచి మూలకి కొలుస్తారు పెద్దమ్మా, ఏటవాలుగా."

"చొక్కా నేను అలా కొలిస్తే నన్ను ఊళ్ళో ఉండనిస్తారా?"

అయినా ఆ పెట్టె ఆమెకి నచ్చింది. కెమెరా చూపు ఎక్కడ పదునుగా కుదిరితే అక్కడ తెరమీద ఎర్రటి అంచు కనిపిస్తుంది, సన్నగా పైపింగు కుట్టినట్టు. వెలుగు మరీ ఎక్కువైన చోట ఏటవాలు చారలు పడతాయి. "ఇవన్నీ వీడియోలో పడవా?" అని అడిగింది.

"పడవు. అమ్మినాయన చెప్పాడు. పెట్టె వేసే గుర్తులు మనకోసమే, రికార్డులోకి పోవు."

ఆమె పాత గొడుగు గుడ్డ కత్తిరించి, అంచుకి లాస్టిక్కు వేసి, ఆ తెరకి ఎండ పడకుండా నల్లటి ముసుగు కుట్టింది. తీగ ఊడిపోకుండా బెల్టు ముక్కతో ఒక కొలికి కుట్టి పెట్టింది. తన సగం గది కూడా ఆ తీగకే వేలాడుతోంది మరి.

ఇక పరీక్ష మిగిలింది. "ఒక్క గంట కూర్చో పెద్దమ్మా, తీసి చూస్తాను," అన్నాడు.

"నన్నా? నా మొహం నాకు తెలుసు. నీ పెట్టెకి తెలియక్కర్లేదు."

"ఉత్తినే మాట్లాడుతూ కూర్చోవే."

"నాకు పనుంది. ఆ బొమ్మని కూర్చోబెట్టుకో, అది ఖాళీగానే ఉంది."

బొమ్మంటే ఆమె జాకెట్లు తొడిగి చూసే గుడ్డబొమ్మ. భుజాలుంటాయి, నడుం ఉంటుంది, తల ఉండదు. వాడు దాన్ని స్టూలు మీద నిలబెట్టి రెండు గంటలు తీశాడు. కెమెరా ఆగలేదు, పెట్టె ఆగలేదు, తీగ ఊడలేదు. తెరమీద అంకెలు, బ్యాటరీ బొమ్మ కనబడితే కెమెరాలో మీట నొక్కి వాటినీ తీసేశాడు. వీడియో కడిగిన ముత్యంలా వచ్చింది. మొదలుపెట్టేటప్పుడు ఆ బొమ్మకి కూడా "కదలకండి" చెప్పాడు. అది వాడి మాట వినడం చూసి పెద్దమ్మకి ముచ్చటేసింది.

సభరోజు హాలు నిండింది. వేదిక వెనక గోడంత బ్యానరు, బ్యానరు మీద అధ్యక్షుడి మొహం. ఏ ఫోటో? అదే. సంఘం దస్త్రాల్లో ఆయనది వేరే ఫోటో లేదు. ఎడమకన్ను ఒక్కటే జానెడుంది.

అరగంట కాళ్ళస్టాండు బిగించి, ముసుగులో తల దూర్చాడు. అధ్యక్షుడు కాగితాల బొత్తి విప్పాడు. గంటా యాభై నిమిషాలు చదివాడు. ముప్పై నిమిషాలు దాటినప్పుడు వెనక వరసల్లో ఇద్దరు వాచీలు చూసుకున్నారు. కెమెరా ఆగలేదు. మనవాడు ముసుగులోంచి తల బయటికి పెట్టి పెద్దమ్మ వైపు చూశాడు. ఆ మొహంలో వెలుగు చూసి, రెండో వరసలో కూర్చున్న ఆమెకి వాడి నాలుగు ఫోటోల పెళ్ళి గుర్తొచ్చింది.

తెరమీద తెల్లటి చదరం ఒకటి మనుషుల మొహాల మీద వాలుతూ ఉండటం వాడు చూశాడు. కెమెరా వెనకవైపు ఎప్పుడూ చూసేదే. పెట్టె గుర్తులు రికార్డులో పడవు కదా అనుకున్నాడు. అది పెట్టె వేసిన గుర్తు కాదనీ, మొహం దొరికిందని కెమెరా వేసుకున్న గుర్తనీ, అది తీగలోంచి దృశ్యంతో కలిసి వచ్చేస్తోందనీ తట్టలేదు. తట్టేందుకు పరీక్షలో ఒక్క మొహమైనా ఉంటేగా.

మర్నాడు పొద్దున చెక్కకి అవతల కుర్చీ పడిన చప్పుడైంది. పెద్దమ్మ కంతలోంచి చూసింది. ఫోటోగ్రాఫరు కంప్యూటరు ముందు నిలబడి ఉన్నాడు. కదలడం లేదు.

ఆమె అటు వెళ్ళి చూసింది. వీడియో మొత్తం ఉంది, ఒక్క ముక్క పోలేదు. మొహం చుట్టూ తెల్ల చదరమూ మొత్తం ఉంది. అధ్యక్షుడు తలెత్తినప్పుడు ఆయన మీద ఉంటుంది. కాగితం మీదికి తల వంచగానే పైకి ఎగిరి బ్యానరు మొహం మీద కూర్చుంటుంది. గంటా యాభై నిమిషాల్లో ఆయన తలెత్తింది బహుశా పది నిమిషాలు.

"సుద్దగీతలు దులపకుండా బట్ట ఇచ్చేసినట్టయింది," అంది ఆమె.

"అంతే పెద్దమ్మా. అంకెలు తీసినది కాదు, కెమెరాలోనే ఇంకొక్క మీట. ఒక్కటి. తీగలోకి గుర్తులు పంపకు అని చెప్పాలి, చెప్పలేదు."

"చెరిపెయ్యలేవా?"

"అది ఎగురుతూ ఉంటే ఎక్కడని చెరపను? వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. తప్పు నాదే."

తప్పు వాడిది కాదని ఆమెకి తెలుసు. స్టూలు మీద ఒక తల ఉండాల్సింది. ఆ తల ఎవరిదో కూడా తెలుసు. ఆ సంగతి నోటితో ఒప్పుకోవడం ఆమె వంశంలో లేదు. అందుకని మంచి చీర కట్టుకుని, "పద, నేనూ వస్తా. నువ్వు నిజం చెప్పేటప్పుడు నీ గొంతు దొంగ గొంతులా ఉంటుంది," అంది.

సంఘం ఆఫీసులో గోడకి టీవీ ఉంది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి కుర్చీల్లో కూర్చున్నారు. వీడియో మొదలైంది. చదరం వచ్చింది. ఎగిరింది. బ్యానరు మీద వాలింది. అక్కడే ఉండిపోయింది.

"ఏమిటయ్యా ఆ చదరం?" అన్నాడు అధ్యక్షుడు.

ఫోటోగ్రాఫరు నోరు తెరిచాడు. "సార్, అది నా..."

"అది గొప్పవాళ్ళకి వేస్తుంది," అంది పెద్దమ్మ.

గదిలో ఉన్న నలుగురు మగవాళ్ళూ ఆమె వైపు తిరిగారు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఫోటోగ్రాఫరే.

"కొత్త మిషను నాయనా. సభలో అంతమంది ఉన్నారా, ఎవరు పెద్దమనిషో అదే వెతుక్కుంటుంది. నేను రెండో వరసలో కూర్చున్నా, నా మీద వేసిందా? వెయ్యదు. నేను జాకెట్లు కుట్టుకునేదాన్ని."

"మరి నేను మాట్లాడుతుంటే నా మీద కాకుండా వెనక బొమ్మ మీద వేసిందేం?"

"అదీ మీరే కదా?" అంది పెద్దమ్మ, ఏమీ ఎరగనట్టు. "కాదంటారా?"

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. ఒకసారి కాదన్న ఖరీదు ఆయనకి గుర్తుంది. "నేనే. నేను కాదని ఎవరన్నారు?"

"మీరు కాగితంలోకి తల దించినప్పుడు దానికి మీ నడినెత్తి కనబడుతుంది. నడినెత్తి అందరికీ ఒకలాగే ఉంటుంది, గొప్పతనం ఎలా తెలుస్తుంది దానికి? తలెత్తగానే చూడండి, పరిగెత్తుకుంటూ మీ దగ్గరికి ఎలా వస్తుందో."

అప్పుడే అధ్యక్షుడు తెరమీద తలెత్తాడు. చదరం వచ్చి వాలింది. కుర్చీలో ఉన్న అధ్యక్షుడు కూడా తెలియకుండానే తలెత్తాడు.

ఆయన ఇంకా నమ్మాలో వద్దో తేల్చుకోలేదు. ఆ పని ఉపాధ్యక్షుడు చేసిపెట్టాడు. ఇంతసేపూ ముందుకి వంగి చూస్తున్న ఆయన ఉన్నట్టుండి అన్నాడు: "నేనూ వేదిక మీదే ఉన్నానుగా. పక్కనే కూర్చున్నా. నా మీద ఒక్కసారీ పడలేదే?"

అధ్యక్షుడి పైపెదవి వంకర మెల్లగా సాగి నవ్వయింది. "ఇంకోసారి వెయ్యి," అన్నాడు. "మొదట్నుంచి."

ఇంకోసారి వేశారు. మొదట్నుంచి చివరిదాకా, గంటా యాభై నిమిషాలు. సభలో ఉపాధ్యక్షుడు వేదిక మీదే తల వాల్చి నిద్రపోయాడని అప్పుడు తేలింది. రెండోసారి అయిపోయాక అధ్యక్షుడు గది కాగితం తెప్పించి, తల దించకుండా సంతకం పెట్టాడు. తల దించనందువల్ల సంతకం గీత దాటి పోయింది. కార్యదర్శి పరవాలేదన్నాడు.

"అబద్ధం చెప్పావు పెద్దమ్మా," అన్నాడు ఫోటోగ్రాఫరు దారిలో.

"గది ఉంది కదా. ఆ గదిలో కూర్చుని నువ్వు నిజం చెప్పుకో."

నిజం చెప్పుకునే తీరిక వాడికి దొరకలేదు. నెల తిరిగేసరికి వీధిలో పెద్దమనుషులంతా వరసకట్టారు. బ్యాంకు మేనేజరుకి చదరం కావాలి, కళ్ళ డాక్టరుకి చదరం కావాలి. ఉపాధ్యక్షుడు తన షష్టిపూర్తిని ముందుకి జరిపి మరీ ఒక సభ పెట్టించుకుని, రెండు గంటలు తల దించకుండా, రెప్ప వెయ్యకుండా కూర్చున్నాడు. చదరం ఒక్క క్షణం కూడా కదల్లేదు. ఫోటోగ్రాఫరు జీవితంలో మొదటిసారి అందరూ వాడు చెప్పకుండానే కదలకుండా ఉన్నారు. అదీ వీడియోలో.

ఆ మీట ఎక్కడుందో వాడికిప్పుడు తెలుసు. ఒక్క నొక్కుతో చదరం లేని, గుర్తు లేని, మచ్చ లేని వీడియో వస్తుంది. ఎవరికీ అక్కర్లేదు. ఒకాయనకి పొరపాటున శుభ్రంగా తీసి ఇస్తే, "నేనేం పాపం చేశాను?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు.

ఒక మధ్యాహ్నం, పెద్దమ్మ ప్యాంటు అంచు మడుస్తూ ఉంటే, వాడు స్టాండు, కెమెరా, నెత్తిన పెట్టె, పెట్టె మీద ఆమె కుట్టిన ముసుగు, అన్నీ మోసుకుని చెక్కకి ఇవతలికి వచ్చాడు. తిరిగే స్టూలు తేలేదు. ఆమె మిషను ముందే బిగించాడు.

"ఏమిట్రా ఇది?"

"మీట నొక్కాను. చదరం రాదు."

"రాకపోతే?"

"కొన్నాక ఇప్పటిదాకా ఈ పెట్టెతో, కావాలని, మొహమున్న సరైన వీడియో ఒక్కటంటే ఒక్కటి తియ్యలేదు పెద్దమ్మా. ఒక్కటి. ఎవరికీ ఇవ్వడానికి కాదు."

ఆమె సూది ఆపింది. కొంగు సర్దుకుంది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, మళ్ళీ పెట్టుకుంది. ఆనాడు గంటసేపు కూర్చుని ఉంటే ఈ ఊరికి ఇంత గొప్పతనం పట్టేది కాదని ఆమెకీ తెలుసు, వాడికీ తెలుసు. వాడు ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. అందుకే, "నా మొహం నాకు తెలుసు," అనే మాట నాలిక చివరిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలెత్తి, ఊపిరి బిగబట్టి, గుర్తింపు కార్డుకి కూర్చున్నట్టు కూర్చుంది.

ఫోటోగ్రాఫరు మీట నొక్కాడు. నోరు తెరిచాడు, పాత మాట పెదాల దాకా వచ్చినట్టుంది, ఆగాడు. ముసుగులోంచి తల బయటికి పెట్టి ఆమె వైపు చూశాడు.

"కదులు పెద్దమ్మా," అన్నాడు. "కుట్టుకో. తిట్టాలనిపిస్తే తిట్టు. ఇది ఆగదు, నువ్వూ ఆగకు."